వాల్వుకు కట్టిన రిబ్బను

షెడ్డు గుమ్మంలో నిలబడి రెండోసారి పిలిచినా అన్న తల తిప్పలేదు.

"చూశావా వదినా, బిగువు ఇంకా తగ్గలేదు. రమ్మని నీచేత ఫోను చేయించింది తనే. తీరా వస్తే వీపు చూపిస్తున్నాడు," అన్నాడు తమ్ముడు.

వదిన స్టూలు మీద కూర్చుని ఎర్ర రిబ్బను ముక్కలుగా కత్తిరిస్తున్నదల్లా లేచి వెళ్ళి భర్త భుజం తట్టింది. అన్న వెనక్కి తిరిగాడు. తమ్ముణ్ణి చూడగానే ముఖం విప్పారింది.

"వచ్చావా? అలా వెలుతురులోకి రా. ఆ మూల నిలబడి మాట్లాడకు."

తమ్ముడికి ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళ తర్వాత వస్తే ఎక్కడ నిలబడాలో కూడా ఈయనే చెప్పాలి కాబోలు. అయినా బేరానికి వచ్చినవాడు మొదటి మాటకే లేచిపోకూడదని కిటికీ దగ్గరకు జరిగాడు.

బల్ల మీద కొత్త రోబో ఉంది. చక్రాలమీద ఇనుప పెట్టె, ముందు ఒక పలుగులాంటి చేయి. లోపలి సిలిండరులో కుక్కిన గాలి ఒక్కసారిగా తోస్తే ఆ చేయి లేచి ఎదుటి రోబోను ఎత్తి విసిరేస్తుంది. సెలవు రోజుల్లో ఇలాంటి రోబోలను పోటీలకు దింపడం ఒకప్పుడు అన్నదమ్ములిద్దరి సరదా. అన్న తయారుచేసేవాడు, తమ్ముడు సామాను బేరమాడి తెచ్చేవాడు. రోబోలో గాలి బయటికి పోయే వాల్వుకూ, మూలన గాలి నింపుకుంటున్న కంప్రెసరు వాల్వుకూ ఎర్ర రిబ్బను ముక్కలు వేలాడుతున్నాయి.

"దీనికి జడకుచ్చులు కూడానా?" అన్నాడు తమ్ముడు.

"గాలి పోతున్నంతసేపూ ఎగురుతుంది. అది వాలిపోవాలి, మీటరు ముల్లు సున్నాకు రావాలి. రెండూ అయితేనే చేయి లోపల పెడతాను."

"బుస్సుమనే చప్పుడు ఆగితే చాలనేవాడివిగా."

"అప్పుడు అనేవాణ్ణి."

తమ్ముడు కుడిచేయి జేబులోంచి తీశాడు. చూపుడువేలు, నడిమివేలు సగంలోనే ఆగిపోయాయి. అన్న వాటిని చూసి కళ్ళు దించుకున్నాడు.

వాళ్ళ పొత్తులో ప్రమాదాలు రెండు జరిగాయి. మొదటిదాన్ని తమ్ముడు ఎప్పుడో లెక్కలోంచి తీసేశాడు. ఒత్తిడి హద్దు దాటితే దానంతటదే తెరుచుకునే సేఫ్టీ వాల్వు కొందామని అన్న అడిగితే, "మీటరు ఉందిగా, వాల్వు దండగ," అని కొట్టిపారేశాడు తను. ఒకనాడు గాలి నింపుతుంటే అన్న తల పక్కనే గొట్టం పేలింది. రేకు గోడకు సొట్ట పడింది. అన్న కాసేపు నేలమీద కూలబడి, తర్వాత దుమ్ము దులుపుకుని నవ్వాడు. ఒంటిమీద చిన్న గీత కూడా లేదు. నష్టం లేకుండా బయటపడ్డామనుకున్నాడు తమ్ముడు.

రెండోది ఆ వెంటనే వచ్చిన పోటీలో. రోబో చేయి సగం లేచి ఇరుక్కుంది. అది కదలకుండా వేసిన అడ్డపిన్ను అన్న పట్టుకుని ఉన్నాడు. తమ్ముడి చేయి ఆ రోబో చేయికింద ఉంది. మీటరు ముల్లు ఇంకా పైనే ఉండటం చూసి, "లాగొద్దు," అని తమ్ముడు గొంతు చించుకుని అరిచాడు. మళ్ళీ అరిచాడు. ఆ అరుపుకు పక్క బల్లలవాళ్ళు కూడా లేచి నిలబడ్డారు. తల వంచుకుని ఉన్న అన్న మాత్రం పిన్ను లాగేశాడు.

"నేను తయారుచేస్తాను, నువ్వు చూసుకో. పాతరోజుల్లాగే," అన్నాడు అన్న. "నువ్వు లేక సగం మనిషినైపోయానురా."

తమ్ముడికీ ఈ షెడ్డు లేని సెలవు రోజు సెలవులా ఉండటంలేదు. కానీ ఒకటి తేలాలి.

"వస్తాను. ఒక్కదానికి నిజం చెప్పు. ఆ రోజు నా అరుపు నీకు వినపడలేదను, చాలు. ఈ క్షణమే చొక్కా చేతులు మడుస్తాను."

అన్న తమ్ముడి పెదవులవైపు చాలాసేపు చూశాడు. తర్వాత వదినవైపు చూశాడు. ఆమె ఏదో అనబోతే తల అడ్డంగా ఊపాడు.

"వినపడింది," అన్నాడు మెల్లగా. "తొందరపడి లాగేశాను. తప్పు నాదే. నువ్వేం మనసులో పెట్టుకోకు."

అనేసి బల్లవైపు తిరిగి ఆకురాయి అందుకున్నాడు.

"వినీ లాగావన్నమాట," అన్నాడు తమ్ముడు ఆ వీపుతో. "అయితే ఇక్కడితో చెల్లు. రేపు నేను పోయినా నా గుమ్మం తొక్కొద్దు."

అన్న ఇనుము అరగదీస్తూనే ఉన్నాడు.

తమ్ముడు గుమ్మం దాటబోతుండగా కంప్రెసరు సేఫ్టీ వాల్వు తెరుచుకుంది. చెవులు చిల్లులు పడేలా కూత. తమ్ముడు రెండు చేతులతో చెవులు మూసుకుని వంగిపోయాడు. వదిన చేతిలో కత్తెర జారిపడింది. అన్న ఇనుప రజను ఉఫ్‌మని ఊది, ఆ ముక్కను వెలుతురులో తిప్పి చూసుకుంటున్నాడు. కాసేపటికి తలెత్తాడు. కంప్రెసరుమీద రిబ్బను ఎగిరెగిరి పడటం అప్పుడు కనిపించింది.

"అరె, గాలి ఎక్కువైనట్టుందే," అంటూ తాపీగా వెళ్ళి స్విచ్చి కట్టేశాడు.

షెడ్డు నిశ్శబ్దమైంది. తమ్ముడు గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు.

"ఎప్పటినుంచి వదినా?"

"నీకు చెప్పొద్దని నాచేత ఒట్టు వేయించుకున్నారు."

"ఎప్పటినుంచి?"

వదిన వంగి కత్తెర తీసుకుంది.

"నువ్వు వాల్వు దండగన్నాక, ఆ గొట్టం పేలినప్పటినుంచి."