పుస్తకాల మీద నిలబడ్డవాడు

“ఏంటండీ స్వరాజ్యం గారూ, ఈ రోజుల్లో పుస్తకాలు ఎవరు చదువుతున్నారు చెప్పండి? ఈ బీరువాలు తీయిస్తే బోలెడు కంప్యూటర్లు పడతాయి. అమీర్‌పేటంతా కోచింగే. మనమొక్కళ్లం ఎందుకు ఊరుకోవాలి?”

కరస్పాండెంట్ జోగారావు మాట్లాడుతూనే జానలతో గోడ కొలిచేస్తున్నాడు. పంజాగుట్ట సందులోని ఆ స్కూలుకు స్వరాజ్యం లైబ్రేరియన్‌గా వచ్చేనాటికి మెట్రో స్తంభాలు కూడా లేవలేదు. ఆవిడకు ఏడుపు ముంచుకొచ్చింది. దిగమింగుకుంది.

“ఒక్క పిల్లాడిని పిలిపిస్తానండీ. వాడి మాట విన్నాక మీ ఇష్టం.”

“ఎవరా పిల్లాడు?”

“కాశిఫ్. టీవీలో తెలుగు క్రికెట్ కామెంటరీ చెబుతాడే, అతనే. నా లైబ్రరీలో పెరిగినవాడు.”

జోగారావు జాన గోడ మీదే ఆగిపోయింది. క్రికెట్ అంటే ఆయనకు ప్రాణం.

ఫోన్ చేసి రమ్మన్నాక కూడా స్వరాజ్యం మనసు ఆ పిల్లాడి చుట్టూనే తిరిగింది. ఆరో తరగతిలో కాశిఫ్ మరీ పొట్టి. భోజనం బెల్లు కొట్టగానే పరిగెత్తుకొచ్చి, అన్నిటికన్నా లావుపాటి శబ్దకోశాన్ని గుండెకు హత్తుకుని, చివరి బీరువా వెనక కిటికీ పక్కకు పోయేవాడు. చదువుకునేవాళ్లను కదిలించకూడదని ఆవిడ అటు తొంగి చూసేది కాదు. అప్పుడప్పుడు “అరె వాహ్!” అని కేక మాత్రం వినిపించేది. కొత్త మాట దొరికిందేమో అనుకుని మురిసిపోయేది.

ఎనిమిదికి వచ్చేసరికి వాడు చరిత్ర పుస్తకాలకు మళ్లాడు. ఒకరోజు ముక్కు ఎగబీలుస్తూ బయటికొచ్చాడు.

“ఏమైందిరా?”

“పోయిండు మేడం! గంత మంచిగ కొడుతుంటే... పోయిండు!”

యుద్ధంలో ఏ రాజు ఒరిగిపోయాడోనని ఆవిడ తన చేతిరుమాలు ఇచ్చి ఓదార్చింది. పదో తరగతిలో వాడి చేతిలో ఉన్నది పల్చటి కవితల పుస్తకం. శబ్దాలు, చరిత్ర, చివరికి కవిత్వం! పిల్లలు పుస్తకాలతో ఎలా ఎదుగుతారో చెప్పడానికి ఆవిడ ఏటా కొత్త పిల్లలకు కాశిఫ్ కథే చెప్పేది.

శనివారం కాశిఫ్ వచ్చాడు. గుమ్మం దగ్గర తల వంచుకుని లోపలికి రావలసినంత పొడుగు. స్వరాజ్యం కాళ్లకు దండం పెట్టి, జోగారావు వైపు తిరిగాడు.

“సార్, గీ లైబ్రరీ లేకుంటే నేను లేను. గా కిటికీ కాడనే కామెంటరీ అంత నేర్చుకున్న. గీ పుస్తకాల మీద నిలబడ్డోణ్ణి సార్ నేను! వీటిని తీసేస్తే చిన్న పోరగాండ్ల గతేంది? జర సోంచాయించుండ్రి.”

జోగారావుకు కళ్లు చెమ్మగిల్లాయి. “పుస్తకాల మీద నిలబడ్డవాడు! ఆహా, ఎంత మాటన్నారండీ! దీన్ని గేటు మీద రాయిద్దాం. కంప్యూటర్లంటారా, నా గదిలో పెట్టుకుంటే సరి.” కాశిఫ్‌తో సెల్ఫీ దిగి, పెయింటర్‌ను పిలవడానికి హడావుడిగా బయటికి పోయాడు.

స్వరాజ్యం పొంగిపోతూ కాశిఫ్ చేయి పట్టుకుంది.

“నా ప్రాణం నిలబెట్టావు నాయనా. ఒక్కటి చెప్పు. అంత లావు శబ్దకోశం పట్టుకు తిరిగేవాడివి, పల్చటి కవిత్వానికి ఎలా ఎదిగావు?”

కాశిఫ్ తల గోక్కున్నాడు. అబద్ధం చెప్పడానికి మనసొప్పలేదు.

“మీరు జర నారాజ్ గావద్దు,” అని గొంతు తగ్గించాడు.

“పొడుగైనకొద్ది, సన్న పుస్తకమెక్కినా కిటికీల కెల్లి ఎదురు హోటల్ టీవీల మ్యాచ్ కనవడుతుండె మేడం.”