పెంచొద్దన్న గాలి

"సిస్టరమ్మా, గాలి ఇంకొంచెం పెంచండమ్మా!" వరహాలు అద్దాల పెట్టె మీదికి వంగిపోయాడు. ఏడో నెలలోనే పుట్టేసిన కూతురి ఛాతీ, వెంటిలేటర్ గాలికి కదిలీ కదలనట్టు కదులుతోంది.

"పెంచకూడదు అన్నయ్యా," అంది నర్సు.

"ఆటోనగర్లో పదేళ్లుగా లారీ టైర్లకి గాలి కొడతన్నాను. తక్కువైతే బండి కదుల్తాదేటి?"

"మరి నాసిరకం ట్యూబుకి అంత గాలీ కొడతావేటి?"

"కొడితే పగిలిపోద్ది కదమ్మా..." అంటూనే వరహాలు ఆగిపోయాడు.

"పాప ఊపిరితిత్తులు ఇంకా పచ్చివి. ఎక్కువిస్తే చిరిగిపోతాయి."

"మరి నానేటి సెయ్యాలి?"

"చూస్తూ ఉండడమే."

బయటికి రాగానే ఫోన్ మోగింది. కాన్పు వార్డు నుంచి భార్య పైడితల్లి.

"గాలి పెంచమన్నావా మావా?"

"పెంచొద్దని నానే సెప్పానే," అన్నాడు వరహాలు, గోడకి జారబడిపోతూ. "నీకు తెలీదు. నువ్వు తొంగో."