చింతగింజల రొట్టె

“ఉప్పు గనక వేసినావంటే ఊరు మునిగిపోతాది తిరుపాలమ్మా!”

బడి అయ్యవారు సీతాపతి పొయ్యికి అడ్డంగా నిలబడ్డాడు.

“ఉప్పు లేని రొట్టె ఏంది అయ్యోరూ? తిన్నోడు నా మొగాన ఉమ్మడా?”

“ఉమ్మల్ల! మనకు కావల్సింది అదే. కరువు ఆఫీసరు మొదటి ముక్కకు మొగం చిట్లించల్ల, రెండో ముక్కకు కండ్లనీళ్లు పెట్టుకోవల్ల. అప్పుడు గానీ మనకు సర్కారు గంజి కేంద్రం రాదు.”

లింగాల పక్కన ఆ పల్లెలో వాన పడి రెండేండ్లయింది. ఆ సంగతి కొత్త రాజధాని కర్నూలుకు చేరి, ఫైలెక్కి, జీపెక్కి తిరిగి వచ్చేసరికి ఊళ్లో జొన్నలు అయిపోయాయి, కొర్రలు అయిపోయాయి. మిగిలినవి చింతగింజలు. వాటినే వేయించి, దంచి పొట్టు తీసి, పూటంతా నానబెట్టి, రుబ్బి రొట్టెలు కాల్చుకుంటున్నారు. తిరుపాలమ్మ కోడలు బాలింత. ఆ రొట్టెలకు పాలు పడక పసిబిడ్డ ఏడ్చి ఏడ్చి గొంతు పోగొట్టుకుంది. గంజి కేంద్రం వస్తే మొదటి గిన్నె ఆ కోడలికే.

అందుకే తిరుపాలమ్మ సరేనంది. సరేనన్నది అయ్యవారు గడప దాటేవరకే. తన చేతి వంటకు ఒక మనిషి మొగం చిట్లించడమా? చెయ్యి దానంతటదే ఉప్పు పిడతలోకి పోయింది. తర్వాత పక్కింటి దిల్షాద్‌బీని అడిగి రెండు మిరపకాయలు, ఒక ఎర్రగడ్డ తెచ్చింది. చివరికి విత్తనానికని దాచిన దోసెడు శనక్కాయలు కూడా తీసి ఊరిబిండి పచ్చడి నూరింది.

ఆఫీసరు త్రివిక్రమరావు గుంటూరు వైపు మనిషి. బడి అరుగు మీద విస్తరి ముందు కూర్చున్నాడు. ఊరంతా చుట్టూ చేరింది. ఆయన ముక్క తుంచి నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. అయ్యవారు ఆశగా ముందుకు వంగాడు.

“ఇంకొకటి ఉందా అండీ?” అన్నాడు ఆఫీసరు.

మూడు రొట్టెలు తిన్నాడు. ఊరిబిండి వేళ్లతో నాకాడు. అయ్యవారు తిరుపాలమ్మ వైపు చూస్తే ఆమె నేల వైపు చూసింది. లోపల ఎక్కడో చిన్న సంతోషం, అందుకు పెద్ద సిగ్గు.

“దేంతో చేశారమ్మా?”

“చింతగింజలు దొరా. తినేకి ఇంకేం ల్యాక.”

“ఆ గుట్ట మీద ఉన్నవేనా చెట్లు? నీళ్లెవరు పోస్తారు?”

“మాకే తాగేకి ల్యావు, చెట్లకు యాడ పోస్తాం దొరా? రాళ్లలో మొలుస్తాది. పదేండ్లు మేకల నోట పడకుండా చూసుకుంటే చాలు, ఆమీద నూరేండ్లు కాస్తాది.”

“బ్రహ్మాండం! నీళ్లక్కర్లేదు, ఎరువక్కర్లేదు. మా వైపు కాలవల కింద రైతులు తిండిగింజల కోసం అనవసరంగా చస్తున్నారండీ!” అంటూ ఆఫీసరు పుస్తకం తీశాడు.

“సార్, ఇది ఆకలికి తింటాండేది సార్, రుచికి కాదు,” అన్నాడు అయ్యవారు.

“మొహమాటపడకండి మాస్టారూ!” అని ఆఫీసరు రెండు పేజీలు రాసుకుని, దారిలో తినడానికి ఇంకో రొట్టె కట్టించుకుని జీపెక్కాడు.

దుమ్ము అణిగాక అయ్యవారు అడిగాడు. “ఎంత పని చేసినావు తిరుపాలమ్మా?”

“ఒక మనిషి కడుపునిండా తింటాంటే చూసి శానా దినాలాయ అయ్యోరూ,” అని ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఎనిమిదో రోజు ఊళ్లోకి రెండు సర్కారు బండ్లు వచ్చాయి. నిండా గోతాలు! ఊరు ఊరంతా గిన్నెలతో పరుగెత్తింది. అందరికన్నా ముందు, అందరికన్నా పెద్ద గిన్నెతో తిరుపాలమ్మ. అయ్యవారు కూడా బడి వదిలేసి చెంబుతో వచ్చాడు.

“ఏం తెచ్చినావప్పా, జొన్నలా, రాగులా?” రొప్పుతూ అడిగింది తిరుపాలమ్మ.

బంట్రోతు వలి బాషా ఒక గోతం తీసి ఆమె ముందు దులిపాడు. దుమ్ము తప్ప ఏమీ రాల్లేదు.

“తెచ్చేకి కాదక్కా, తీసకపోయేకి వచ్చినా. మీది మిగులు గ్రామమంట, మీ చింతగింజలన్నీ కరువు ఊర్లకు పంచమని ఆర్డరు.”