ఆఖరి వరస

వెంకటరత్నం కొట్టు తెరిచేసరికే ఆమె మెట్టు మీద కూర్చుని ఉంది.

కొవ్వూరులో అతనిది ఊలు, దారాల కొట్టు. గోదావరి మీద మంచు విడిచాక వీధి మొత్తానికి ముందుగా ఎండ పడేది ఆ మెట్టు మీదే. ఆ ఎండ కోసం ఆమె కార్తీకం వెళ్ళగానే వచ్చి చేరింది. పేరు రత్నమాణిక్యమట. ఎవరి మనిషో ఎవరికీ తెలియదు. తలకి నూలు తువ్వాలు, ఒళ్ళో వెదురుబుట్ట.

బుట్ట నిండా ఊలు ఉండలు. ఒక్కొక్కటే తీసి ఎండలో పేర్చుకునేది. పచ్చదాని పక్కన నీలం పెట్టి చూసేది. నచ్చక గులాబీ పెట్టేది. మెత్తటి ఉండ దొరికితే చెంపకి ఆనించుకుని కళ్ళు మూసుకునేది.

ఆ తర్వాత అల్లిక. గుప్పెడంత టోపీ కాసేపు, అది పక్కన పెట్టి వేలెడంత మేజోడు కాసేపు, మళ్ళీ ఇంకో రంగు టోపీ. ఏదీ పూర్తయ్యేది కాదు. ఆఖరి వరస దగ్గరకొచ్చాక, ఊడిపోకుండా దారం గుచ్చి బుట్టలో పడేసేది.

“ఏంటమ్మా, ఒక్కటైనా ముడేస్తావా?” అన్నాడు వెంకటరత్నం.

“వేస్తానండి. తొందరేముంది?”

“నీకెందుకుంటుంది తొందర? మెట్టు నాది, ఎండ దేవుడిది. పోనీ నా కొట్లో ఓ ఉండ కొన్నావా?”

“కొత్తది నాకొద్దండి. పాతవేమన్నా ఉంటే ఇప్పించండి, విప్పుకుంటాను.”

ఊలు కొట్టు ముందు కూర్చుని పాత ఊలు అడిగే మనిషిని అతను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. ఒళ్ళు మండింది. తల మీది మంకీ క్యాప్ లాగి ఆమె ఒళ్ళోకి విసిరాడు. మెరూన్ రంగుది. ఒక పక్క ఎలుక కొట్టింది.

“ఇదిగో. కోటు అల్లుకో.”

“ఆయ్, ఎంత మెత్తగా ఉందండి,” అంది ఆమె. వెక్కిరింత ఆమెకు తగిలినట్టే లేదు. అక్కడికక్కడే కొస పట్టుకుని విప్పడం మొదలెట్టింది.

వెంకటరత్నం కూతురు లక్ష్మీప్రసన్న పురిటికి వచ్చి ఉంది. మొదటి కానుపు దక్కలేదు. అందుకే ఈసారి ఇంట్లో అతను పెట్టిన కట్టడి గట్టిది. బిడ్డ భూమ్మీద పడేదాకా ఉయ్యాల మాట ఎత్తకూడదు. బిడ్డ కోసమని కొత్త గుడ్డ గడప దాటి లోపలికి రాకూడదు. కొట్లో బీరువా నిండా పసిపిల్లల టోపీలున్నా వాటివంక చూడకూడదు.

ఒకరోజు ఆ పిల్ల ఎండ కోసం వచ్చి ఆమె పక్కన కూర్చుంది.

“ఎన్నో నెలమ్మా?”

“ఎనిమిదోది మామ్మగారూ. ఇది బాగుందే,” అంటూ బుట్ట అడుక్కి చెయ్యి పెట్టింది. అక్కడో తెల్ల టోపీ. మొత్తం బుట్టలో పూర్తయింది అదొక్కటే.

ఆమె గబుక్కున ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది. “అది ముట్టుకోకమ్మా.”

రెండో చేతి పిడికిలికి, అతనిచ్చిన ఊలుతో అల్లుతున్న మెరూన్ టోపీ తొడిగి ఉంది. చూపు లక్ష్మీప్రసన్న కడుపు మీద ఉంది.

వెంకటరత్నం గల్లా వదిలి బయటికొచ్చాడు.

“లేవమ్మా, లే. కడుపుతో ఉన్న పిల్ల ముందు ఈ సగం సగం పనులేంటి? ఆ తెల్లది ముట్టుకుంటే అరిగిపోతుందా? ఇంక ఈ మెట్టెక్కకు.”

“ఆవిడేం చేసింది నాన్నా?”

“నువ్వు లోపలికి పద.”

ఆమె ఉండలన్నీ బుట్టలో సర్దుకుంది. “పిల్లని చలిగాలికి తిరగనివ్వకండి,” అని చెప్పి వెళ్ళిపోయింది.

నెల తక్కువగానే నొప్పులొచ్చాయి. మంచులో లైట్లు వేసుకుని కారు బ్రిడ్జి దాటింది. రాజమండ్రి ఆసుపత్రిలో పొద్దెక్కాక ఆడపిల్ల పుట్టింది. ఏడుపు కూడా సన్నగానే ఉంది.

నర్సు తబిత బయటికొచ్చింది. “బాబాయ్ గారూ, తలకి వెచ్చటిదేమన్నా తెచ్చారా? బరువు తక్కువ. చలి తగిలితే కష్టం.”

వెంకటరత్నం ఖాళీ చేతులు చూసుకున్నాడు. ఊరందరికీ ఊలు అమ్మేవాడు.

“కొట్లో ఉన్నాయమ్మా. గోదారి అవతల.”

“అప్పటిదాకా ఆగుతుందాండి? ఉండండి, మామ్మగారున్నారు,” అని వరండా చివరికి పరుగెత్తింది.

కాసేపటికి టోపీతో వచ్చింది. మెరూన్ రంగు. ఆఖరి వరస పడి ఉంది, ముడి పడి ఉంది.

పసిదాని తల మీద అది అచ్చంగా సరిపోయింది.

వెంకటరత్నం వరండాలోకి వెళ్ళేసరికి బెంచీ ఖాళీ.

“‘నేను కనబడితే ఆయన కంగారుపడతారు’ అని వెళ్ళిపోయారండి,” అంది తబిత. “పుట్టకముందు ఏదీ సిద్ధం చెయ్యకూడదు, తొలిగుడ్డ పాతదే అవ్వాలి అని పట్టింపు కదా. ఎవరూ ఏమీ తెచ్చుకోరు. అందుకే మామ్మగారు పాత ఊలుతో అల్లి, ఆఖరి వరస ఆపేస్తారు. బిడ్డ ఏడుపు వినబడ్డాకే వేస్తారు. ఇదివరకు ఎండెక్కాక గోదారి దాటి వచ్చేవారు. ఈమధ్య కూర్చునే చోటు పోయిందంట, పొద్దుటే వచ్చేస్తున్నారు.”

అతని కట్టడే అది. అతనికంటే నిష్ఠగా పాటించిన మనిషిని అతనే మెట్టు దింపాడు.

పురుడు వెళ్ళిన మర్నాడు ఇంట్లో పాత స్వెట్టర్లన్నీ మూటగట్టాడు. మెట్టు కడిగించి చాప వేయించాడు. ఆమెను తీసుకురావడానికి బ్రిడ్జి దాటాడు.

“మామ్మగారు పోయారండి,” అంది తబిత. “ఈ వరండాలో ఎండ పొడ ఉండదు కదా. జలుబు గుండెల్లోకి దిగింది. ఒంటి మీద ఊలు ముక్క ఉంటేనా.”

లోపలికెళ్ళి వెదురుబుట్ట తెచ్చి అతని చేతుల్లో పెట్టింది. “మీరు ఊలు సంగతి తెలిసినవారు. ఇవన్నీ ఇంకెవరు ముడేస్తారు?”

“నేర్చుకుంటానమ్మా,” అన్నాడు.

బుట్ట అడుగున తెల్ల టోపీ తగిలింది. ఏళ్ళ నాటిది. ఏ తలా తొడుక్కున్న గుర్తు లేదు.

“ఇదొక్కటే ఎందుకు పూర్తి చేశారు?”

“ఆవిడ కడుపుతో ఉన్నప్పుడు అల్లుకున్నదండి అది,” అంది తబిత. “ఉండబట్టలేక, బిడ్డ ఏడవకముందే ఆఖరి వరస వేసేసుకున్నారంట.”