ఎడమవైపు కిటికీ

పాల్వంచ దాటి అడవి మొదలైందో లేదో, కేకు మీది క్రీము గులాబీ ఒకటి పక్కకు ఒరిగింది.

"అరేయ్ బెన్నీ, ఆపురా బండి!" అంది వెనక సీట్లోంచి సవరమ్మ.

అది మామూలు కేకు కాదు మరి. మూడంతస్తుల పెళ్లి కేకు. సవరమ్మ మనవరాలు మహిమకు దొరికిన మొట్టమొదటి పెద్ద ఆర్డరు. సాయంత్రం సారపాక చర్చిలో పెళ్లి. కేకు నిలిస్తే ఆ పిల్ల పని నిలుస్తుంది. కరిగి ముద్దయిందా, ఇంకెవరూ పిలవరు.

చూస్తే మే నెల ఎండ. నడిపేది ఆ పిల్ల అన్న బెన్నీ. బండేమో వాళ్ల నాన్న నాటిది. ఏసీ ఉందంటే ఉంది, లేదంటే లేదు.

ముందు సీట్లో ఉన్న మహిమ వెనక్కి తిరిగి, పెట్టెకున్న ప్లాస్టిక్ కాగితంలోంచి గులాబీని చూసింది. ఏడుపొక్కటే తక్కువ.

"ఏసీల గ్యాస్ నింపిచ్చిన అన్నవ్ గదా అన్నా!"

"నింపిచ్చిన. ఫ్యాను గూడ ఫుల్లు మీదనే ఉంది. మరి సల్లదనం ఏడికి పోతుందో నాకేం ఎరుక!" అన్నాడు బెన్నీ.

సవరమ్మకూ అదే అంతుబట్టలేదు. గాలి వస్తోంది, మోత వస్తోంది, మధ్యలో ఈ చల్లదనాన్ని మింగుతున్నది ఎవరని!

బెన్నీ దిగి బానెట్ ఎత్తాడు. ముందున్న జాలీ నిండా దుమ్ము, పత్తి పీచు, చచ్చిన పురుగులు.

"ఇగో, దొంగ దొరికిండు! దీనికే ఊపిరాడుతలేదు, మనకేం సల్లగ చేస్తది?"

కడగడానికి నీళ్లు లేవు. అంతలో రోడ్డవతలి చెట్టు నీడ నుంచి ఒకాయన నీళ్ల డబ్బాతో వచ్చాడు. మోకాళ్ల దాకా దుమ్ము.

"ఇవి పొయ్యి బిడ్డా."

జాలీ తళతళలాడింది. నీళ్లన్నీ అయిపోయాక ఆయన మెల్లగా అడిగాడు.

"ముందల అడ్డరోడ్డు కాడ దింపుతరా?"

"అయ్యో, ఎక్కు పెద్దాయనా. ముందట కూసో. చెల్లె ఎనకకు వస్తది."

పరాయి మగవాడు బండెక్కితే డ్రైవరు పక్కన కూర్చుంటాడు. అది ఎక్కడైనా ఉన్న పద్ధతే.

ఆయన మాత్రం వెనక సీట్లోకి తొంగి చూశాడు. కుడివైపు సవరమ్మ, మధ్యలో కేకు పెట్టె, ఎడమ కిటికీ దగ్గర ఖాళీ.

"నేను గీ కిటికీ కాడ కూసుంట," అన్నాడు. అని ఊరుకున్నాడా, ఎక్కి కూర్చున్నాడు కూడా.

మహిమ మొహం మాడిపోయింది.

పోనీ సరిగ్గా కూర్చున్నాడా అంటే అదీ లేదు. సీటుకు ఆనుకోకుండా అడ్డం తిరిగి, వీపు అద్దానికి అంటించి, మొహం పెట్టె వైపు పెట్టాడు. బండి కదిలినా చూపు కేకు మీదే.

"నానమ్మా, పెట్టె మీద చెయ్యేసి ఉంచు," మహిమ గుసగుసలాడింది. "ఆయన కండ్లు మంచిగ లెవ్వు."

ఆయనకు వినబడిందో లేదో, కదల్లేదు. సవరమ్మ చెయ్యి పెట్టె మీదికి చేరింది. అయితే నోరు ఊరుకుంటుందా!

"ఏ ఊరు తమ్మీ?"

"ఈడిదే అక్కా."

"పిల్లలా?"

"ఉన్నరు."

"గింత ఎండల ఏడికి బోయినవ్?"

"పనికి." ఈసారి ఆయనే అడిగాడు. "గీ పువ్వులు ఎవలు చేసిన్రు?"

"ఇగో, నా మనవరాలే!"

"నిజం పువ్వుల లెక్కనే ఉన్నయ్. ఎంత కష్టపడ్డదో."

"సూపుతోటే సగం తినేటట్టున్నడు," అని గొణిగింది మహిమ.

చిత్రమేమిటంటే, గులాబీ మళ్లీ జరగలేదు. సవరమ్మ ఒళ్లోకి కూడా చల్లదనం వచ్చింది.

బెన్నీ ఛాతీ ఉబ్బింది. "సూసినవా చెల్లె! మెకానిక్కుకు దొరకని రోగం నాకు దొరికింది!"

అడ్డరోడ్డు వచ్చింది. ఆయన దిగి అటు తిరిగేసరికి సవరమ్మ చూసింది. చొక్కా వీపుకు అతుక్కుపోయి ఉంది, నీళ్లలో ముంచి తీసినట్టు.

ఇంత చల్లటి బండిలో ఈ మనిషికి అంత చెమటేమిటి?

అడుగుదామనుకునేలోపే, "పైలంగ పోన్రి బిడ్డా," అని ఆయన అడవి బాట పట్టాడు.

"అమ్మయ్య, కేకు బతికింది," అంది మహిమ.

బండి కొంచెం దూరం పోయిందో లేదో, గులాబీ సర్రున జారింది.

"అన్నా! ఏసీ మళ్ల పోయింది!"

బెన్నీ గాలికి చెయ్యి అడ్డం పెట్టి చూశాడు. "పోలేదే! మొదటి నుంచి ఎట్ల వస్తుందో గట్లనే వస్తుంది." బండి ఆపి బానెట్ ఎత్తాడు. జాలీ అద్దంలా ఉంది.

సవరమ్మ పెట్టె వైపు చూసింది. పడమటి ఎండ ఎడమ కిటికీలోంచి సూటిగా వచ్చి కేకు మీద పడుతోంది. మధ్యలో అడ్డం ఏమీ లేదు.

ఆమె దిగి, చుట్టూ తిరిగి వచ్చి, ఆ కిటికీ దగ్గర అడ్డం తిరిగి కూర్చుంది. వీపు అద్దానికి ఆనించగానే సుర్రుమంది. పెట్టె మీద నీడ పడింది. గులాబీ ఉన్నచోటే ఆగింది.

"ఎండల కూసున్నవేంది నానమ్మా?" అంది మహిమ.

"పోనియ్యరా బెన్నీ, జల్దీ పోనియ్యి. ఆయన పేరన్న అడగకపోతి."

దారి పొడుగునా తాను ఏ మనిషి నుంచి ఆ పెట్టెను కాపాడుతూ వచ్చిందో, ఆ మనిషే దాన్ని ఎండ నుంచి కాపాడుతూ వచ్చాడు.