రాజరాజేశ్వరిగారి రాశిఫలాలు

"రాజరాజేశ్వరిగారు రాలేదామ్మా? నువ్వు ఆవిడ మనవరాలివా?"

"రాజరాజేశ్వరి నేనే సార్."

ఉదయ్ భాస్కర్ చేతిలోని పండ్ల పళ్లెం అలాగే గాలిలో ఆగిపోయింది. మాదాపూర్ బండరాళ్ల మధ్య కొత్తగా లేచిన అద్దాల భవనంలో ఆయన ఆఫీసు. అమెరికాలో ఉండే తెలుగువాళ్ల కోసం వెబ్‌సైటు నడుపుతాడు. అందులో రాశిఫలాలు రాసే మహాతల్లికి ఓ దండం పెట్టుకుని, ముఖ్యమైన సంగతొకటి అడుగుదామని నిన్న తనే ఈ-మెయిల్ పంపి రమ్మన్నాడు. తీరా చూస్తే ఎదురుగా కాలేజీ యూనిఫాం, రెండు జడలు, మెడలో సన్నటి సిలువ గొలుసు. పట్టుమని పదిహేడేళ్లు కూడా ఉన్నట్టు లేవు.

"అసలు పేరేంటి?"

"కరుణ సార్. లింగంపల్లి నుంచి వచ్చిన."

పళ్లెం బల్ల మీద ఠప్పున పడింది. ఒక యాపిల్ దొర్లుకుంటూ పోయి తలుపు దగ్గర ఆగింది.

"ఉమాశ్రీ!"

ఆ అరుపుకి బయట కీబోర్డుల చప్పుడు ఆగిపోయింది. వెబ్‌సైటులో వచ్చే రాతలన్నీ చూసే ఉమాశ్రీ పరుగున వచ్చి, కరుణను చూసి తల దించుకుంది.

"పెద్ద జ్యోతిష్కురాలు, ఇల్లు కదిలి రారు అన్నావే! ఈవిడేనా?"

"రాసేవాళ్లు ఎవరూ దొరకలేదండి. ఈ అమ్మాయి పంపిన నమూనా బాగుందని..."

"నోర్ముయ్!" ఆయన కరుణ వైపు తిరిగాడు. "ఏమ్మా, ఎవర్ని మోసం చేద్దామని? పంచాంగం ఎప్పుడైనా కంటితో చూశావా? మీ ఇంట్లో అది ఉంటుందా అసలు?"

కరుణకు మొదట భయం వేసింది. ఈ పని పోతే కంప్యూటర్ కోర్సు పోయినట్టే. ఫీజు నేనే కట్టుకుంటానని ఇంట్లో కొట్లాడి మరీ చేరింది. కానీ 'మోసం' అన్న మాట వినేసరికి భయం పోయి ఒళ్లు మండింది.

"మోసమేంది సార్? పేపర్ల మీరేం ఏసిండ్రు? తెలుగు మంచిగ రాసేటోళ్లు కావాలె, ఈ-మెయిల్ చెయ్యుండ్రి అన్నరు. వయసు అడగలే, పంచాంగం అడగలే. రాజరాజేశ్వరి అని పేరు పెట్టింది మీ ఆఫీసోళ్లే. పెద్ద బొట్టు పెట్టుకున్న ముసలమ్మ ఫోటో పెట్టింది గూడ మీరే. రోజు కాలేజీకి పోకముందు ఇంటర్నెట్ సెంటర్ల కూసోని పన్నెండు రాశులు రాసి పంపిన. ఒక్కనాడన్న ఆలస్యం చేసిన్నా?"

"నోటికొచ్చింది రాశావు!"

"నోటికొచ్చింది గాదు. బస్సుల మనుషులు దేనికి పరేషాన్ అయితున్నరో విని రాసిన. అందరికి గవే బాధలు. జర ధైర్యం చెప్పిన, గంతే."

"బస్సులోనా?" ఆయన గొంతు కీచుమంది. "బస్సులో విని నా రాశికి రాశావా? సింగపూర్ వాళ్లు రేపు వస్తున్నారు! కంపెనీలో సగం వాళ్ల చేతిలో పెడుతూ రేపు నేను సంతకాలు చేయాలి! నీకేమైనా తెలుసా?"

"మీదేం రాశి సార్?"

"వృశ్చికం! అయితే ఏంటి?"

కరుణ అప్పుడు చూసింది ఆయన్ని సరిగ్గా. తెల్లచొక్కాల ఆఫీసులో ఆయన ఒక్కడే పసుపుపచ్చ చొక్కా వేసుకున్నాడు. అంత ఖరీదైన గదిలో బల్లను కిటికీకి దూరంగా, గోడకు ఎదురుగా తిప్పి పెట్టుకున్నాడు. 'ఈ రోజు వృశ్చిక రాశివారికి పసుపు రంగు కలిసివస్తుంది. తూర్పు ముఖంగా కూర్చుని పనిచేయండి.' ఇంటర్నెట్ సెంటర్‌లో పక్కన కూర్చున్నాయన చొక్కా రంగు చూసి రాసిన ముక్క అది. నవ్వు రావలసింది, కోపంలో రాలేదు.

"నా మాట మీద బల్ల తిప్పుకున్నరు, చొక్కా మార్చుకున్నరు. గప్పుడు నా మాట మంచిగనే ఉండె. నా మొహం చూడంగనే మోసగత్తెనైన్నా?"

ఉమాశ్రీ దగ్గు వచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"బయటికి పో!" ఉదయ్ భాస్కర్ మెడ నరాలు ఉబ్బాయి. "రేపట్నుంచి నీ రాతలు మాకక్కర్లేదు. ఈ చుట్టుపక్కల మళ్లీ కనపడ్డావంటే మర్యాదగా ఉండదు!"

"ఇప్పుడు గూడ ఉన్నట్టు లేదు సార్" అనేసి, కాలికి అడ్డమొచ్చిన యాపిల్‌ను దాటుకుని కరుణ బయటికి నడిచింది.

రోడ్డు మీదికి వచ్చాక కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏడుస్తున్నందుకు తన మీద తనకే మండింది. దొంగను గెంటినట్టు గెంటేస్తాడా? ఎవరి పేరు, ఎవరి ఫోటో, ఎవరి మోసం? బస్సు కోసం చూస్తూ దుమ్ములో నిలబడింది. వెనక నుంచి ఆఫీసులో ఊడ్చే సత్తెమ్మ రొప్పుతూ వచ్చింది.

"ఓ బిడ్డా! ఆగు! సారు పిలుస్తుండు. మల్ల రమ్మంటుండు."

"తిట్టుడు ఇంక మిగిలిందా?"

"కాదే, మెత్తగున్నడు. జల్ది రా."

క్షమించమని అడిగితే సరే, లేకుంటే గడప కూడా తొక్కకూడదు అనుకుంటూ వెళ్లింది కరుణ. గదిలో ఉమాశ్రీ లేదు. పళ్లెంలో పండ్లు మళ్లీ పొందికగా సర్ది ఉన్నాయి. పైన ఆ యాపిల్ కూడా, తుడిచి పెట్టినట్టుంది. ఉదయ్ భాస్కర్ తలుపు వేసి, గడియ పడిందో లేదో చూసుకుని, తన కుర్చీని ఆమె వైపు జరిపాడు.

తర్వాత రెండు చేతులూ జోడించి, గొంతు బాగా తగ్గించి అడిగాడు:

"రాజరాజేశ్వరిగారూ... రేపు వృశ్చికానికి సంతకాలు మంచివేనంటారా?"