రొట్టెల దండ

రోమ్ నగరం సగం లోకాన్ని ఏలుతున్న రోజుల్లో, ఆ నగరానికి పిండి విసిరే పని గాడిదలది. ఒక రొట్టెల కొట్లో రూఫా అనే ముసలి గాడిద, ఫాస్టస్ అనే పడుచు గాడిద ఏడాది పొడవునా కళ్ళకు గంతలతో తిరగలి చుట్టూ తిరిగేవి. ఏడాదికొక్కసారి, పొయ్యిని కాపాడే దేవత పండగనాడు, తిరగలి ఆపి వాటి మెడల్లో రొట్టెల దండలు వేసి వీధుల్లో ఊరేగించేవారు.

ఆ పండగంటేనే రూఫాకి ఒళ్ళుమంట. ముక్కు కింద వేడి రొట్టెల వాసన, కడుపులో నిన్నటి ఎండుగడ్డి. ఎంత మెడ తిప్పినా తన దండ తన నోటికి అందదు.

"ఒరే, నావి నీకందుతాయి, నీవి నాకందుతాయి. ఇద్దరం తిందాం, కానియ్," అంది.

"ఏం మాటలక్కా అవి. సెనేటర్లంతా చూస్తున్నారు. దండ చెదిరితే నా పరువేం కాను?" అంది ఫాస్టస్.

రూఫా విసుగెత్తిపోయి ఫాస్టస్ దండకే నోరు పెట్టింది. ఫాస్టస్ వీధి అదిరేలా ఓండ్రపెట్టింది. యజమాని పరుగెత్తుకొచ్చి రూఫా వీపు మీద కర్రతో నాలుగు వడ్డించాడు. సాయంత్రం దండలు విప్పి, రొట్టెలన్నీ ఇంట్లోకి పట్టుకుపోయాడు.

తెల్లారి మళ్ళీ గంతలు కట్టారు.

"వచ్చే ఏడు ఇంతకన్నా పెద్ద దండ వేస్తారటక్కా," అంది ఫాస్టస్ మురిసిపోతూ.

"వేస్తార్లే. దానికి పిండి విసరాల్సింది కూడా మనమే. నడు," అంది రూఫా.